అత్త అనని పేరు

పోయిన నెల మా మేనత్త పెద్దకార్యానికి నెల్లిమర్ల వెళ్ళొచ్చాను. భోజనాలయ్యాక చుట్టాలంతా బయట షామియానా కింద చేరి కబుర్లలో పడితే, నేను వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నాను. ఆ వంటింటికి గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, గోడలకు తెల్ల పలకలు వచ్చాయి. కిటికీ మాత్రం అదే. కిటికీ అనడం గౌరవం కొద్దీ అంటున్నాను, గోడకు పైన పొగ పోవడానికి వదిలిన కన్నం అది. నా డిగ్రీ చదువు రోజులు దాదాపు అన్నీ ఆ కన్నం కిందే గడిచాయి. అక్కడ నన్నెవరూ కొట్టలేదు, కడుపు మాడ్చలేదు. అత్త నన్ను ప్రేమగానే చూసింది. అయినా ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఊపిరాడకపోవడమే. ప్రేమగా చూసేవాళ్ళ ఇంట్లో ఊపిరాడడం లేదని ఎవరికి చెప్పుకుంటాం?

మావయ్య జనపనార మిల్లులో పని చేసేవాడు. మిల్లు కూతను బట్టి ఆ ఇల్లు లేచేది, ఆ ఇల్లు పడుకునేది. షిఫ్టు మారినప్పుడల్లా మా అందరి అన్నం వేళలూ మారిపోయేవి. ఆయన విప్పి పడేసిన చొక్కాకు నార వాసన, నూనె వాసన కలిసి వచ్చేవి. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు. పొద్దున్నే అత్త చోడి అంబలి, అదే రాగి అంబలి, కాస్తూ ఇంకో పొయ్యి మీద ఎండు నెత్తళ్ళ చేపలు వేయించేది. ఆ ఘాటు నా జడలో పట్టుకుని నాతోపాటే పాసింజరు రైలెక్కి విజయనగరం కాలేజీకి వచ్చేది. వాకిలి, నీళ్ళు, అంట్లు నా వంతు. సాయంత్రం రైలు దిగి వచ్చేసరికి అత్త వీధి గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉండేది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా, "రైలు లేటా, నువ్వు లేటా?" అని అడిగేది. కోపంగా కాదు, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

నేను ఆ ఇంటికి వచ్చింది చదువుకోవడానికే అయినా, అసలు సంగతి అందరికీ తెలుసు. నేను పుట్టినప్పుడే మా నాన్నా అత్తా మాట అనుకున్నారు, అత్త కొడుక్కి నన్నిస్తామని. బావ విశాఖపట్నంలో ఎలక్ట్రికల్ పనులు చేసేవాడు, ఆదివారాలు వచ్చేవాడు. నెమ్మదైన మనిషి. నాకు అతని మీద కోపం లేదు, ఇష్టం కూడా లేదు. అతనికీ నా మీద అంతేనేమో, ఆ ఇంట్లో ఎవరూ మమ్మల్ని అడగలేదు. అతనికి తాత పేరు పెట్టారు. ఇబ్బందంతా అక్కడే మొదలైంది. తాతంటే అత్తకు మామగారు. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు. కాబట్టి అత్త తాను కని పెంచిన కొడుకుని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "బాబు" అనేది. స్కూల్లో చేర్పించడానికి వెళ్ళినప్పుడు మేష్టారు పిల్లాడి పేరు అడిగితే, పక్కింటావిడను ముందుకు తోసి ఆవిడ చేత చెప్పించిందట.

పేరు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. దాన్ని పోలిన మాటలు కూడా ఆ ఇంట్లోకి రాకూడదు. మా వైపు అప్పన్నలకీ, అప్పలస్వాములకీ, అప్పలనరసమ్మలకీ కొదవా? సింహాచలం అప్పన్న దేవుణ్ణి అత్త "కొండ మీద సామి" అనేది. అప్పలనరసమ్మ అనే ఎదురింటావిడ ఆ ఇంట్లో "ఎదురింటామె"గానే మిగిలిపోయింది. అప్పడాలను "కరకరలు" అనేవాళ్ళం. 'అప్పుడు' అనే మాటను మాత్రం ఏదో దయతలచి వదిలేశారు, లేకపోతే మేం జరిగిపోయిన కాలం గురించి మాట్లాడుకోవడానికే ఉండేది కాదు. నాకు ఇంకా పెళ్ళి కాలేదు కదా, నాకెందుకీ నియమం అనుకున్నాను. అత్త మొదటి రోజే తేల్చేసింది. "రేపైనా అనకూడదు గదే, ఇప్పట్నుంచే నోటికి అలవాటు సేసుకో." చేసుకున్నాను. నేను అసలే మాటలు తక్కువ మనిషిని. క్లాసులో అటెండెన్సు పలకడానికి కూడా గొంతు పెగలక, చాలాసార్లు ఉండీ లేనిదానిగా మిగిలినదాన్ని. అనకూడదన్న మాటలు కొన్ని దొరికితే నాకు ఒక విధంగా ఊరటే.

అలాంటి నేను రేడియోలోకి ఎలా వెళ్ళానంటే, కాలేజీలో జర్నలిజం సబ్జెక్టు తీసుకోవడం వల్ల. వేరే సబ్జెక్టులో సీట్లు అయిపోయాయి. ఆఖరి సంవత్సరంలో కొన్ని నెలలు ఎక్కడైనా పని నేర్చుకోవాలి. ఇప్పటి పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటారు, మేం ట్రైనింగ్ అనేవాళ్ళం. పేపరు ఆఫీసైతే మగపిల్లలతో ఊళ్ళు తిరగాలి. రేడియో స్టేషనైతే ఒకచోట కూర్చోవచ్చు, మొహం ఎవరికీ కనబడదు. అత్త ఒప్పుకోవడానికి ఆ ఒక్క కారణం చాలింది. ట్రైనింగ్ అయ్యాక పరీక్షలు, పైడితల్లి పండగ వెళ్ళాక పెళ్ళి అని వాళ్ళు అనుకున్నారు. పెళ్ళయ్యాక చదువులూ ఉద్యోగాలూ ఉండవని ఎవరూ పైకి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు.

మొదటి రోజు స్టూడియో తలుపు నా వెనక మూసుకుంది. ధాన్యపు కొట్టు తలుపంత మందం. లోపల అత్త వంటింట్లో ఉన్న కన్నం కూడా లేదు. గోడల నిండా చిల్లుల పలకలు, ప్రసారం మొదలైతే వెలిగే ఎర్రదీపం, కింద పాత తివాచీ, టేపుల వాసన, చలి. మన మాట మన చెవికే చచ్చినట్టు వినపడుతుంది. అక్కడ నాకు పని నేర్పింది రాజ్యలక్ష్మి గారు. మైకు ముందు పుస్తకం చదివినట్టు మాట్లాడే ఆవిడ, తలుపు దాటి బయటికొస్తే అచ్చంగా విజయనగరం మనిషి. మొదట్లో నా చేత మాట్లాడించలేదు. మధ్యాహ్నం వచ్చే కోరిన పాటల కార్యక్రమానికి ఉత్తరాల సంచి విప్పి, కార్డులు ఊరి వారీగా పేర్చి, ఏ పాటకు ఎవరెవరు రాశారో కట్టలు కట్టడం నా పని. నోరు మెదపక్కర్లేని ఆ పనిలో నేను దిట్టనయ్యాను. కొన్ని వారాలకు ఒకరోజు ఆవిడకు జలుబు చేసింది. "పాట నాను సెప్తాను, పేర్లు నువ్వు సదువు" అంది. వద్దని చెప్పడానికి కూడా నాకు గొంతు రాలేదు, అందుకని చదివాను.

ఎవరి మొహమూ కనబడకపోవడంలో ఇంత సుఖం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. చీపురుపల్లి, రణస్థలం, ఆమదాలవలస, పేరు వెనక పేరు చదువుకుంటూ పోతే చాలు. మొదట గుటకలు మింగాను, తరువాత ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసింది, ఆ తరువాత ఆ పేర్ల మీద ఇష్టం కలిగింది. నా గొంతు బాగుందని ఎవరో కార్డు రాశారు. ఆ కార్డును రాజ్యలక్ష్మి గారు నాకు చూపించకుండా గోడకు గుచ్చింది, నేనే చూసుకోవాలని. ట్రైనింగ్ పిల్లల్లో ఒకరిని చివర్లో క్యాజువల్ అనౌన్సరుగా తీసుకుంటారని అప్పుడే తెలిసింది. ఆ కుర్చీ నాకు కావాలనిపించింది. నా అంతట నేను ఒకదాన్ని కోరుకోవడం అదే మొదలు, ఎవరికీ చెప్పలేదు.

కానీ ఒక తిరకాసు ఉంది. కార్డుల్లో అప్పలరాజు కనిపిస్తే నా చెయ్యి దాన్ని తీసి పక్కన పెట్టేసేది. అప్పలరాజు అంటే బావ పేరు. ఆ వరసలోనే అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ, అందరూ పక్కకే. నేను ఆలోచించి చేసిందేమీ కాదు, వంటింట్లో అప్పడాన్ని కరకర అన్నట్టే ఇదీ. నా డ్రాయరులో వాళ్ళ కార్డులన్నీ ఒక కట్టగా పెరుగుతూ వచ్చాయి. మా జిల్లాల్లో ఆ పేర్లు తీసేస్తే ఊళ్ళకు ఊళ్ళే మిగలవన్న సంగతి నాకు తట్టలేదు.

ఒకరోజు పొద్దున్న స్టేషను వరండాలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తువ్వాలు మూట. అందులో రేడియో. భోగాపురం అవతల సముద్రం ఒడ్డునుంచి బస్సెక్కి వచ్చాడు. చేతులు వలతాళ్ళు లాగి గట్టిపడిపోయి ఉన్నాయి. రాజ్యలక్ష్మి గారు ఏం కావాలని అడిగితే రేడియో ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, కార్డు మీద కార్డు రాయించి పడేస్తన్నాను. అందరి పేర్లూ వస్తన్నాయి, నా పేరు రావట్నేదు. రేడియో పాడైనాదేమోనని బాగుసేసినోడికి సూపించినాను. బాగానే ఉన్నాదన్నాడు. మీరోపాలి సూసి సెప్పండి."

"నీ పేరేటి మావా?"

"అప్పలరాజు."

ఆవిడ నవ్వలేదు. రేడియో అటూ ఇటూ తిప్పి చూసింది. "పాటలెలాగూ వస్తన్నాయి గదా మావా, పేరు రాకపోతే ఏటి?" అంది.

"నాకేటమ్మా, నా పేరు నాకు తెల్సు గదా. మా ఇంటిదానికి సరదా. అది నా పేరు నోటితో అనదు. రేడియోలో ఇంటానంటాది. పెల్లైన కాడ్నుంచి అదొక్కటే అడిగినాది నన్ను."

నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. అంతా విన్నాను. రాజ్యలక్ష్మి గారు ఆయనకు టీ ఇప్పించి, రేపు మధ్యాహ్నం వినమని చెప్పి పంపించింది. తరువాత నా డ్రాయరు తెరిచింది. కట్ట విప్పి ఒక్కో కార్డూ చూసింది. నాలుగైదు చూసేసరికే ఆవిడకు విషయం అర్థమైంది. ఆవిడా మా వైపు కోడలే కదా.

"ఎవులిది? నీ మొగుడి పేరా?"

"కాబోయే..." అన్నాను.

ఆవిడ కార్డులు మళ్ళీ కట్ట కట్టి నా ముందు పెట్టింది. "మా ఆయన పేరు నానూ ఇంట్లో అననే గౌరీ. నాకు బోధలు సెయ్యడం రాదు. గానీ ఆ తలుపేసి ఎర్రదీపం ఎలిగినాక, అక్కడ నువ్వు ఎవులి కోడలివీ గాదు. కార్డు రాసినోడు సెవులొగ్గి కూకున్నాడు, అంతే. రేపు ఇయ్యన్నీ నువ్వే సదవాలి. సదవలేనంటే సెప్పు, తప్పు నేదు. ఆ కుర్చీ అడిగినోల్లు ఇంకా ఉన్నారు."

ఆ సాయంత్రం అత్త నన్ను గుమ్మంలో ఏమీ అడగలేదు. పెళ్ళి దగ్గరపడుతోందని సంతోషంగా ఉంది. వంటింట్లోకి తీసుకెళ్ళి, అటక మీదినుంచి జాడీలన్నీ దింపించి, ఏది ఏ ఎండకు పెట్టాలో, చింతపండు ఏ నెలలో గింజ తీయాలో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. చివరికి పొయ్యి పక్కన తన పీట చూపించి, "ఇంక ఇది నీదేనే. నాకు ఈ వంటిల్లు మా అత్త ఇచ్చినాది, నాను నీకిస్తన్నాను" అంది. మనసు నిండా ప్రేమతో అంది. నేను ఆ పీట వైపు చూశాను, పైన కన్నం వైపు చూశాను. నాకు ఏడుపొచ్చింది. కాబోయే పెళ్ళికూతురి బెంగ అనుకుని అత్త నా తల నిమిరింది.

మర్నాడు స్టూడియోలో రాజ్యలక్ష్మి గారు నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి తాను స్టూడియో అద్దం అవతలి గదిలోకి వెళ్ళింది. అత్త రోజూ వంటింట్లో రేడియో పెట్టుకుని నా గొంతు వింటుందని నాకు తెలుసు. అది ఆవిడకు గర్వమూ, కాపలా కూడా. ఎర్రదీపం వెలిగింది. మొదటి పేర్లు చదివాను. భోగాపురం కార్డు చేతికొచ్చింది. ఊరు చదివాను, ఆగిపోయాను. పెదాలు కలిశాయి గానీ విడిపోలేదు. మా పనిలో నిశ్శబ్దాన్ని మించిన నేరం లేదు. ఆ గదిలో నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. అద్దం అవతల రాజ్యలక్ష్మి గారు చెయ్యి ఊపలేదు, కళ్ళు ఎర్ర చెయ్యలేదు, తల వంచుకుని తన గాజులు చూసుకుంటూ కూర్చుంది. ఎక్కడో ఒక ముసలమ్మ రేడియోకి చెవి ఆనించి ఉంటుంది. ఇంకో వంటింట్లో మా అత్త ఉంటుంది. ఇద్దరూ వింటున్నారు.

"అప్పలరాజు" అన్నాను. తరువాత అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ, ఇంకో అప్పలరాజు. కట్టంతా చదివేశాను. నా నాలుక ఊడి పడలేదు, పైకప్పు కూలలేదు, పాట వచ్చింది. నాకు సంతోషం కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. మరుక్షణమే సాయంత్రం ఎక్కాల్సిన రైలు గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. వరండాలో మావయ్య గోడకేసి చూస్తూ, "జిల్లా జిల్లా అంతా ఇన్నాది" అన్నాడు, గోడకు చెప్తున్నట్టు. లోపల రేడియో కట్టేసి ఉంది. అత్త చేటలో బియ్యం ఏరుతోంది. నాకు అన్నం పెట్టింది. మళ్ళీ చేట ముందు కూర్చుంది.

"ఆ పేరున్నోల్లు సేనామంది ఉన్నారు. నాకు తెల్దా? నువ్వన్నది మా బాబుని గాదనీ తెల్సు" అంది చివరికి. "గానీ అనేసినావు. మొగుడవ్వాల్సినోడి పేరు ఊరందరికీ ఇనపడేలా అన్నదానివి, ఈ ఇంటి కోడలివి ఎలగవుతావే?"

తప్పయిపోయిందత్తా అంటే అక్కడితో పోయేదే. అత్త ఆ మాట కోసమే చూస్తోంది కూడా. నేను చెయ్యి కడుక్కుని, "నాను అవ్వనత్తా" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎవరూ అడగకుండా చెప్పిన మాట అదొక్కటే.

అత్త చాలాసేపు బియ్యం ఏరింది. అందులో రాళ్ళు ఎప్పుడో అయిపోయాయి. తరువాత మావయ్యకు వినపడకుండా గొంతు తగ్గించి, "ఎలగున్నాదే?" అని అడిగింది.

"ఏదత్తా?"

"అదే. అన్నప్పుడు నోట్లో ఎలగున్నాది?"

"ఏటీ నేదత్తా, మామూలుగానే ఉన్నాది" అన్నాను.

"కన్నాను, పాలిచ్చినాను, జొరమొస్తే ఒళ్ళో ఏసుకుని కూకున్నాను" అంది అత్త, నాతో కాకుండా చేటతో. "ఓపాలి మల్లీ అను."

అన్నాను, నెమ్మదిగా. ఆవిడ కళ్ళు ఎత్తలేదు. నేను అన్నాక ఆవిడ పెదాలు కదిలాయి. స్టూడియోలో నా పెదాలు కలిసినట్టే కలిశాయి. వరండాలో మావయ్య కుర్చీ కిర్రుమంది. అత్త చేట పక్కకు తోసి, "నా వల్ల గాదులే. నువ్వు బట్టలు సర్దుకో" అంది. మర్నాడు మా ఊరి బస్సు ఎక్కిస్తూ నా చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టింది.

ఆ గడప దాటితే చాలు అనుకున్నాను ఆ వయసులో. నాన్న నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఊళ్ళో నన్ను పేరు చెప్పిన పిల్ల అన్నారు. స్టేషను వాళ్ళు ఆ కుర్చీ నాకే ఇచ్చారు, హాస్టల్లో ఉండి చేరాను. అక్కడి నుంచి ఇన్నేళ్ళూ కిటికీ లేని గదిలోనే కూర్చున్నాను. ఒక గదిలోంచి లేచి ఇంకో గదిలోకి వచ్చానేమోనని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. కాకపోతే ఈ గది తలుపు నేను వేసుకున్నది. బావ అతనికి నచ్చిన అమ్మాయిని చేసుకున్నాడు, నేను వేరే ఊరి మనిషిని చేసుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి తన మొగుణ్ణి హాల్లోంచి పేరు పెట్టి కేకేస్తుంది, వాడు వంటింట్లోంచి ఆఁ అంటాడు. వాళ్ళిద్దరినీ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నేను మాత్రం మా ఆయన్ని నేటికీ "ఇదిగో" అనే పిలుస్తాను. జిల్లాలో ఉన్న పేర్లన్నీ చదివావు, నాన్న పేరు ఒక్కటి చదవలేవా అమ్మా అని అమ్మాయి ఏడిపిస్తుంది. చదవగలను. ఇంట్లో ఎర్రదీపం ఉండదు కదా, అందుకని నోరు రాదు. అత్త నేర్పిన చదువు అంత గట్టిది.

అత్తా నేనూ ఆ రోజు సంగతి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే నెత్తళ్ళ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ పోవడానికి కొద్దిరోజుల ముందు నేను కిరాణా కొట్లో వరసలో నిలబడి ఉంటే అత్త ఫోను నుంచి కాల్ వచ్చింది. ఎత్తితే ఎవరో కొత్త గొంతు, విజయనగరంలో ఏదో ఆసుపత్రి నర్సు.

"గౌరి గారాండీ? ఈ పెద్దావిడ్ని ఇప్పుడే తీసుకొచ్చారు. కూడా వచ్చిన కొడుకు మందులకి వెళ్ళాడు. అతని పేరు అడుగుతుంటే చెప్పట్లేదండీ. మా గౌరి రేడియోలో సెప్తాది, దానికి ఫోన్ సెయ్యి అంటంది. నాకేం అర్థం కావట్లేదు."

"అప్పలరాజు" అన్నాను.

"కొంచెం గట్టిగా చెప్పండి, స్పీకర్లో పెట్టాను."

కొట్లో జనం నా వైపు చూస్తున్నారు. నేను ఊపిరి పీల్చుకుని, మైకు ముందు చదివినట్టే చదివాను. "నెల్లిమర్ల నుంచి, అప్పలరాజు."

అటువైపు దూరంగా, బాగా నీరసించిన గొంతుతో అత్త ఆ అమ్మాయికి చెప్పింది.

"అదేనమ్మా. రాసుకో."